ఎలుగుబంటి చెయ్యి

ఎలుగుబంటి వీపు మీద మళ్లీ బోడి మచ్చ పడింది. ఈసారి అరచేయంత ఉంది. వెంకటప్పయ్య గారు దాని మీద వేలు పెట్టి రుద్ది, అదే వేలు నా ముఖం ముందు ఆడించారు.

"ఏవమ్మా రోజారాణీ, ఇది ఎలుగుబంటా, గజ్జి కుక్కా? పక్కనే నువ్వుండి ఏం చేస్తున్నట్టు?"

నిజం చెబితే నవ్వుతారు, అబద్ధం చెబుదామంటే ఒక్కటీ తట్టలేదు. తల వంచుకుని నిలబడ్డాను. తల వంచుకోవడం నాకు అలవాటు లేని పని, అందుకే మెడ నొప్పి పుట్టింది.

నా ఉద్యోగం పేరు క్యారెక్టర్ అటెండెంట్. పేరు పెద్దదే గానీ, పని ఎలుగుబంటి చెయ్యి పట్టుకుని తిప్పడం. కొత్తగూడెం నుంచి అశ్వారావుపేట పోయే దారిలో, పామాయిల్ తోటలు మొదలయ్యే చోట, వెంకటప్పయ్య గారు తన తోటలో కొంత కొట్టేసి ఈ పార్కు పెట్టారు. నీళ్ల జారుడుబల్లలు, రంగులరాట్నం, పాప్‌కార్న్ బండి, వీటి మధ్య తిరుగుతూ పిల్లలతో ఫోటోలు దిగే రెండు జంతువులు. పులి వేషంలో గోప్యా ఉంటాడు, ఎలుగుబంటి వేషంలో హేమ్లి. లోపల ఆడమనిషి ఉందని పార్కుకొచ్చే ఒక్కరికీ తెలియదు. "అంకుల్, అంకుల్" అని పొట్టలో గుద్దుతుంటారు. ఆ గుద్దే చేతులను నవ్వుతూ పక్కకు తియ్యడం కూడా నా పనే. నవ్వడమే కష్టం.

ఎలుగుబంటి తల పెట్టుకున్నాక నోటి దగ్గరున్న జల్లెడలాంటి గుడ్డలోంచి రెండడుగుల నేల కనిపిస్తుంది. అంతే. మిగతా చూపంతా నాదే. "మెట్టుంది", "కుడి దిక్కు చిన్న పిల్ల", "ఫోటో, చెయ్యెత్తు" అని పెదవులు కదలకుండా చెబుతూ నడిపించాలి. వేషంలో ఉన్న మనిషి నోరు తెరవకూడదని పార్కు రూలు. అందుకని మాకు చేతి నొక్కుళ్లు ఉన్నాయి. ఒకసారి నొక్కితే బాగున్నానని. రెండుసార్లు నొక్కితే నీళ్లు కావాలని. మూడుసార్లు నొక్కితే ఇక నా వల్ల కాదు, గదికి తీసుకుపొమ్మని. ఇరవై నిమిషాలు తిప్పి, నలభై నిమిషాలు ఫ్యాను కింద కూర్చోబెట్టాలి. ఎండలు ముదిరితే ఆ ఇరవై కూడా ఎక్కువే.

వెంట్రుకల సంగతి మొదట్లో నాకూ అర్థం కాలేదు. ఎలుకలనుకుని బట్టల గదిలో మందు పెట్టాను. ఎలుకలు చచ్చాయి, వెంట్రుకలు మాత్రం పోతూనే ఉన్నాయి. ఒకరోజు ఫోటో దిగుతున్న ఒక పెద్దామె, నవ్వు ముఖం కెమెరా వైపు పెట్టి, చెయ్యి వెనక్కి పోనిచ్చి పటుక్కున పీకింది. పీకింది పీకినట్టే కొంగున ముడేసుకుంది. అప్పుడు వెలిగింది నాకు.

మా వైపు పిల్లలు జడుసుకుంటే ఎలుగుబంటి మీద కూర్చోబెట్టి మూడు చుట్లు తిప్పేవాళ్లు. దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవాళ్లు. నా చిన్నప్పుడు ఎలుగుబంటిని ఆడించేవాళ్లు మా కాలనీకి కూడా వచ్చేవారు. ఇప్పుడు ఎలుగుబంటిని కట్టేస్తే కేసు. అడవిలో ఉన్నదాన్ని వెంట్రుక అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఇక మిగిలింది టికెట్ కొనుక్కుని చూసే మా ఎలుగుబంటి.

"ఇది నైలాన్ అమ్మా, ఫ్యాక్టరీల కుట్టింది" అని ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "ఉండనీ బిడ్డా" అని ఇంకో రెండు పీక్కుపోయేవాళ్లు. వెంకటప్పయ్య గారు బోర్డు కూడా పెట్టించారు: ఎలుగుబంటిపై కూర్చోరాదు, వెంట్రుకలు పీకరాదు. బోర్డు చదివాక, అప్పటిదాకా ఆ ఆలోచన లేనివాళ్లకు కూడా వచ్చింది. తల్లాడ నుంచి ఒకామె మళ్లీ వచ్చి, తన మనవడికి ఆ నైలాన్ వెంట్రుకతో జడుపు పోయిందని నా చేతిలో కొబ్బరికాయ పెట్టింది. తీసుకున్నాను. పచ్చడి చేసుకుని తిన్నాం కూడా. కానీ ఆ పిల్లాడి జడుపు ఎలా పోయిందో ఎంత ఆలోచించినా నాకు అంతుబట్టలేదు.

అంతుబట్టనిది అదొక్కటే అయితే బాగుండేది. ఇంట్లో మా ఆయన ఉన్నాడు.

మా ఆయన చందర్ బొగ్గుబాయిలో పని చేసేవాడు. చేసేవాడు అనాలో, చేస్తాడు అనాలో నాకే తెలియని రోజులవి. ఏడు నెలల కింద లోపల కప్పు కూలింది. ఆయనతో పాటు పనిలో ఉన్న దూలయ్య అక్కడే పోయాడు. మా ఆయన్ని నాలుగు గంటల తర్వాత బయటికి తీశారు. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. ఆ గీత లేకపోవడమే ఆయన చేసిన తప్పయింది.

అప్పటి నుంచి బాయిలోకి దిగలేదు. బాయి సంగతి సరే, తల మీంచి బనీను వేసుకోలేడు. గుండీల చొక్కాలే. బండి మీద హెల్మెట్ పెట్టుకోడు, అద్దానికి తగిలించి నడుపుతాడు. పట్టపగలు స్నానం చేసినా తలుపు తీసే ఉంచుతాడు. డాక్టర్లు చూశారు, మాత్రలు రాశారు, చివరికి ఫిట్ అని కూడా రాశారు. "చందర్ మంచిగనే నాటకమాడుతుండు" అని కాలనీలో ఆడవాళ్లు నల్లా దగ్గర నాకు వినపడేలా అనేవాళ్లు. వాళ్లతో జుట్లు పట్టుకున్నంత పని చేసి, ఇంటికొచ్చి, నిజంగా నాటకమేనేమో అని నేనే ఆయన్ని దొంగచూపులు చూసేదాన్ని.

ఒకరోజు పరీక్ష కూడా పెట్టాను. ఆయన స్నానానికి పోతే తలుపు లాగి బయట నుంచి గడియ పెట్టాను. మధ్యాహ్నం, లోపల లైటు కూడా ఉంది. పది లెక్కపెట్టి తీశాను. అరవలేదు, తిట్టలేదు. నల్లా గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని మూల కూర్చుని ఉన్నాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నాలుగు రోజులకే మళ్లీ అదే అనుమానం. కళ్లతో చూసినదాన్ని కూడా నమ్మలేకపోతే మనిషి ఇంకేం చెయ్యాలి?

అన్నిటికంటే నన్ను కోసేది ఇంకొకటి ఉంది. ఆయన నన్ను చెయ్యి పట్టుకోనివ్వడు. చాయ్ గ్లాసు ఇస్తే అరుగు మీద పెట్టమంటాడు. పొరపాటున నా వేళ్లు తగిలితే నిప్పు తగిలినట్టు లాక్కుంటాడు. పద్నాలుగేళ్ల కాపురం. నా మీద మనసు విరిగిందనుకున్నాను. ఏం చేశానని అడిగితే "ఏం లేదు" అనేవాడు. ఆ "ఏం లేదు" విన్నప్పుడల్లా గిన్నెలు విసిరికొట్టాలనిపించేది. ఒకటి రెండు కొట్టాను కూడా.

చివరికి ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. వచ్చే సోమవారం మొదటి షిఫ్టుకు దిగాలి. దిగకపోతే ఉద్యోగం తీసేస్తారు. క్వార్టర్ కూడా ఖాళీ చెయ్యాలి. కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ సోమవారానికి ముందు రోజు, ఆదివారం. నన్ను పార్కు దగ్గర దింపి, మా ఆయన వెనక్కి పోలేదు. ఇంటి దగ్గర ఉంటే అందరూ వచ్చి సముదాయిస్తారని భయం. బట్టల గది ముందు రేకుల పందిరి ఉంది. దాని కింద కూడా కూర్చోకుండా, పందిరి చివర ఎండలో బెంచీ లాక్కుని కూర్చున్నాడు.

జనం విపరీతం. రెండో రౌండులో హేమ్లి నా చెయ్యి మూడుసార్లు నొక్కింది. గదికి తెచ్చి తల తీసేసరికి పిల్ల కళ్లు తేలేస్తోంది. బకెట్లో వాంతి చేసుకుంది. తడి తువ్వాలు మెడకు చుట్టి ఫ్యాను ముందు కూర్చోబెట్టాను.

"అక్కా, ఇయ్యాల ఇగ నాతోని కాదు" అంది హేమ్లి.

"కాకుంటె కూసో. ఎలుగుబంటి లేకుంటె పార్కేం మునిగిపోదు" అని బయటికొచ్చాను.

బయట ఒక ముసలామె నిలబడి ఉంది. పేరు సారక్క అని తర్వాత చెప్పింది. ఆమె వెనక, పందిరి నీడ అయిపోయిన చోట, ఐదేళ్ల మనవరాలు ఎండలో నిలబడి ఉంది. చెప్పులు లేవు. కాలు మార్చి కాలు ఎత్తుతోంది గానీ నీడలోకి రావడం లేదు.

"బిడ్డా, ఎలుగుబంటి ఏడున్నది?"

"దానికి పాణం మంచిగ లేదమ్మా. ఇంకోనాడు రా."

"ఇంకోనాడు ఎట్ల? గిది ఐతారమే జెయ్యాలె. పినపాక దిక్కుకెళ్లి రెండు బస్సులు మారి వచ్చిన." ఆమె పిల్ల వైపు చూసింది. "దాగుడుమూతలాడుకుంట ఇనుప బీరువల దాసుకున్నది. తలుపు పడ్డది. మేం చేన్ల ఉన్నం. ఎంతసేపు ఉన్నదో ఎవలకెరుక? గప్పటి సంది ఇంట్లకు రాదు. వాకిట్లనే తింటది, వాకిట్లనే పంటది. బస్సుల గూడ తల బయటికి పెట్టి ఏడ్సుకుంటనే వచ్చింది."

నాకు కోపం వచ్చింది. ఆమె మీదో, బీరువా మీదో, ఏమీ చెయ్యలేని నా మీదో తెలియదు. "అమ్మా, అది బట్టతోని కుట్టింది. లోపట మనిషి ఉంటది. ఆ మనిషికే ఇప్పుడు బాగలేదు. దానితోని జడుపు ఎట్ల పోతది?"

"లోపట మనిషి ఉంటదని నాకెరుక లేదా? నేనేమన్న పిచ్చిదాన్నా?" సారక్క గొంతు కూడా లేచింది. "ఎలుగుబంటో, మనిషో, ఏదైతేంది? పోరి జడుపును, బుగులును వీపు మీద మోసేటోళ్లు ఒకలు గావాలె. ఇంట్ల నేను మోస్త అంటె నా మీదికి ఎక్కుతలేదు."

పక్కకు తిరిగాను. బెంచీ ఖాళీగా ఉంది.

మా ఆయన గదిలో ఉన్నాడు. ఎలుగుబంటి కాళ్లు చేతిలో పట్టుకుని తిరగేసి చూస్తున్నాడు.

"గిది ఎట్ల తొడుగుతరు?" అన్నాడు.

"నీకేమన్న మతి పోయిందా? బనీను తల మీంచి పోదు నీకు. గిదేం తొడుగుతవ్?"

"తొడుగుత."

"లోపట చీకటుంటది."

"ఎరుకే" అని కాళ్లు దూర్చుకోవడం మొదలుపెట్టాడు.

ఉన్నదున్నట్టు చెబుతాను. మొదట నాకు వచ్చిన ఆలోచన మంచిది కాదు. ఇది తొడుక్కోగలిగితే ఏడు నెలలూ ఆడింది నాటకమేనన్నమాట, అనుకున్నాను. వెంటనే ఆయన చేతులు చూశాను. నడుము దగ్గర జిప్పు పట్టు దొరకడం లేదు, దొరికినా వేళ్లలోంచి జారిపోతోంది. ఆపాలా? సాయం చెయ్యాలా? జిప్పు లాగాను.

హేమ్లి కూర్చున్న చోటి నుంచే చెప్పింది. "అన్నా, కండ్లకెళ్లి ఏం కనపడదు, నోట్లకెళ్లి సూడు. ఒక్కసారి నొక్కితె మంచిగున్న అన్నట్టు. మూడుసార్లు నొక్కు, అక్క తోల్కొస్తది."

తల ఎత్తి పెట్టుకోబోయాడు, గడ్డం దాకా తెచ్చి దించేశాడు. రెండోసారీ అంతే. మూడోసారి కళ్లు గట్టిగా మూసుకుని పెట్టుకున్నాడు. నేను మెడ దగ్గర కొక్కేలు వెయ్యలేదు. విసిరేయాలంటే ఒక్క ఊపుతో ఊడిపోవాలి.

"పా" అన్నాను. ఎలుగుబంటి చెయ్యి చాచింది.

ఏడు నెలల తర్వాత మా ఆయన చెయ్యి నా చేతిలోకి వచ్చింది, అదీ ఆ మందపాటి పంజాలోంచి. వేళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుని పట్టుకున్నాను. గడప దాటించాను. ఒకసారి నొక్కాడు. బాగున్నాడన్నమాట, అనుకున్నాను. రెండడుగులకు మళ్లీ నొక్కాడు. నీళ్లా? మళ్లీ నొక్కాడు. మూడు. గది వైపు తిప్పబోయాను. కదలలేదు.

"ఏంది? పోదామా లోపటికి?" అన్నాను పళ్ల మధ్య నుంచి.

అంత పెద్ద తల అటూ ఇటూ ఊగింది. వద్దు అని. మళ్లీ నొక్కాడు. ఆగాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. ఆగాడు. లోపలి నుంచి ఊపిరి బుసబుసా వినిపిస్తోంది. లెక్క నాకు అందలేదు. ఇది ఏ నొక్కుడు? ఏం కావాలి ఈ మనిషికి? ఎండ, జనం, పక్కన ముసలామె, రేపు సోమవారం, అన్నీ కలిసి తలకెక్కి, ఏంది నీ గోల అన్నట్టు నేనూ కసిగా ఒక్క నొక్కు నొక్కాను.

ఆయన వేళ్లు మెత్తబడ్డాయి. ఊపిరి నిదానించింది. అడుగు వేశాడు.

నాలుగడుగులకు మళ్లీ నొక్కాడు. నేను మళ్లీ నొక్కాను. నడిచాడు. ఎందుకో నాకు తెలియదు. ఏది పని చేస్తుందో అది చేస్తూ పోయాను. అలా నొక్కుకుంటూ ఎండలో నిలబడ్డ పిల్ల దాకా వచ్చాం. ఎలుగుబంటి మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించింది. నేనూ పక్కన వంగి నా చెయ్యి ఆ పంజా మీద పెట్టాను.

సారక్క పిల్లను ఎత్తి వీపు మీద కూర్చోబెట్టింది. పిల్ల బిర్రబిగుసుకుపోయింది. ఏడుపుకు నోరు తెరిచింది గానీ శబ్దం రాలేదు. రెండు గుప్పిళ్లతో ఆ బోడి మచ్చ చుట్టూ ఉన్న వెంట్రుకలు పట్టుకుంది. మొదటి చుట్టు. నేను ఒంగి, చెయ్యి తియ్యకుండా, ఎలుగుబంటి పక్కన కుంటుతూ నడిచాను. నడుము విరిగిపోతోంది. రెండో చుట్టు. జనం మూగారు, ఫోన్లు తీశారు. పాప్‌కార్న్ బండి దగ్గర నుంచి వెంకటప్పయ్య గారు కేక వేశారు.

"రోజారాణీ! కూర్చోకూడదని బోర్డు పెట్టానా లేదా?"

"పెట్టిన్రు సార్, చదివిన" అన్నాను.

మూడో చుట్టులో ఎలుగుబంటి దారి మార్చింది. రేకుల పందిరి వైపు పోయింది. నేను చెప్పలేదు. నోట్లోంచి కనిపించే రెండడుగుల నేలలో నీడ గీత కనిపించి ఉంటుంది. ఆ గీత దగ్గర ఒక్క క్షణం ఆగి, నా చేతి కింద వేళ్లు ఆడించాడు. నేను నొక్కాను. పందిరి కిందికి పోయాం. మా ఆయన, ఆ పిల్ల, నేను. పిల్ల తలెత్తి రేకులను చూసింది. ఏడుస్తుందనుకున్నాను. వంగి ఎలుగుబంటి చెవి పట్టుకుంది.

వీపు మీంచి దించాక పిల్ల మళ్లీ ఎండలోకే పోయింది. కాకపోతే పరుగెత్తలేదు, నడిచి పోయింది. జడుపు పోయిందో లేదో నాకు తెలియదు. సారక్కకు కూడా తెలియదనుకుంటాను. ఆమె ఎలుగుబంటి తల నిమిరి, "నీ కడుపు సల్లగుండ" అంది. బోర్డు వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. ఇన్ని నెలలు అందరి చేతుల మీదా కొట్టిన నేను, నా చేత్తోనే ఇన్ని వెంట్రుకలు పీకి ఆమె చేతిలో పెట్టాను.

గదిలోకి వచ్చి తల తీశాను. మా ఆయన ముఖం నీళ్లలో ముంచి తీసినట్టుంది. గోడకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు.

"పోరి ఏడ్సిందా?"

"ఏడ్వలే."

పంజాలోంచి చెయ్యి తీసి దాన్నే చూసుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు.

"దూలన్న చెయ్యి ఒక్కటే నా దిక్కు వచ్చింది. బండల సందులకెళ్లి. మనిషి కనపడలే, మాట వినపడలే. ఆయన నొక్కుడు, నేను నొక్కుడు. ఉన్నవా అంటె ఉన్న అన్నట్టు. గట్ల శానసేపు. మల్ల ఆయన నొక్కలే. నేను నొక్కుకుంటనే ఉన్న. తీసేదాంక నొక్కుకుంటనే ఉన్న."

హేమ్లి గోడ వైపు తిరిగింది. నేనూ కింద కూర్చున్నాను. ఏడు నెలలు. చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టమన్నప్పుడల్లా నేను తిట్టిన తిట్లు ఒక్కొక్కటి గుర్తొచ్చాయి. గడియ పెట్టి పది లెక్కపెట్టిన చెయ్యి ఇదే. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడ్చాను. ఊరికే కాదు, గట్టిగానే ఏడ్చాను.

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"నువ్వు గూడ నొక్కకపోతె ఎట్లనో అని" అన్నాడు.

బయట బస్సు హారన్ వినపడింది. వెంకటప్పయ్య గారు తలుపు మీద దబదబా కొట్టారు. "ఏవమ్మా! రెండు బస్సుల జనం దిగారు. ఎలుగుబంటి ఏదీ?"

హేమ్లి లేవబోయింది. మా ఆయన చెయ్యెత్తి ఆపాడు. ఎలుగుబంటి తలను ఒళ్లో పెట్టుకుని, తిరగేసి, దాని లోపలికి చూశాడు. లోపల చీకటి తప్ప చూడడానికి ఏముంది? అయినా చూశాడు. చొక్కా జేబులో ఆ నాలుగు మడతల కాగితం చెమటకు తడిసి ఉంటుంది. రేపు దిగుతావా అని అడగాలనిపించింది. అడగలేదు. దిగుతాడో లేదో ఆయనకు కూడా తెలిసి ఉండదు.

తల ఎత్తి తనే పెట్టుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. లేచి నిలబడి నా వైపు చెయ్యి చాచాడు.

పట్టుకున్నాను. ఆయన నొక్కేదాకా ఆగలేదు. నేనే ముందు నొక్కాను.